పిట్ట ముట్టిన విస్తరి

పోయిన వారం సూర్యాపేటలో, వీరభద్రయ్య పటేలు ఇంటి వంటింట్లో, ఊర్మిళను కొంగు బిగించుకున్నదాన్ని బిగించుకున్నట్టే వదిలేసి వచ్చాం. మళ్లీ తొంగిచూసేసరికి గారెలకు పిండి రుబ్బుతోంది. ఆ గారెలు ఎవరికో చెప్పేముందు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

ఆ ఇంటి చిన్నకొడుకు గోపాల్ కిందటేడు ఎండాకాలంలో అన్నం ముందు నుంచి లేచిపోయాడు. సంఘం పిలగాండ్లతో తిరుగుతున్నాడని తండ్రికి కోపం. ఇంట్లో వెట్టి నడుస్తోందని కొడుక్కి కోపం. "నా గరిసెల గింజలు తినుకుంట నా మీదనే జెండా ఎత్తుతవారా?" అన్నాడు వీరభద్రయ్య. గోపాల్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, ఆ కంచంలోనే చెయ్యి కడిగి, కొయ్యకున్న చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. వెనకాలే జీతగాడు సైదులు పరుగెత్తాడు. ఆ తర్వాత రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు, మిలట్రీ వచ్చింది, నైజాం రాజ్యమే పోయింది. ఇన్ని వచ్చీ పోయీ చేసినా గోపాల్ రాలేదు. సైదులూ రాలేదు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో అన్నం ఉంది గానీ భోజనం లేదు. వీరభద్రయ్య ముందుగదిలో గోడకు ఎదురుగా తింటాడు. పెద్దకొడుకు కృష్ణమూర్తి వంటింటి గడపలో నిలబడి, రైలు తప్పిపోతుందన్నట్టు తింటాడు. సూర్యాపేటకు రైలు లేదన్న సంగతి అతనికీ తెలుసు. వీరభద్రయ్యకు అక్క, వితంతువు సత్తెమ్మ, మంచం మీద కూర్చుని నమిలేవాటినీ నమలలేనివాటినీ వేరుచేస్తూ తింటుంది. ఇక ఇల్లాలు లక్ష్మీకాంతమ్మ రాత్రి అన్నమే మానేసింది. పగలు మగవాళ్లు పొలానికి పోయాక రెండు మెతుకులు. రాత్రి మాత్రం, "నాకు ఆకలి లేదు" అని స్తంభానికి చెబుతుంది. పెళ్లయిన నాటి నుంచి భర్తతో ఏం చెప్పాలన్నా ఆమె ఆ స్తంభానికే చెబుతుంది. అతను జవాబు ఎద్దులకు చెబుతాడు. కాపురం బాగానే సాగింది.

ఇలాంటి ఇంటికి కోదాడ నుంచి వచ్చిన పెద్దకోడలు ఊర్మిళ. గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియెట్ చదివింది. చదువుకున్న కోడలికి ఒక జబ్బు ఉంటుంది: దేన్నైనా బాగుచేయవచ్చుననుకుంటుంది. రోజుకు ఒకరికి ఇష్టమైన వంట చేద్దాం, అందరం వెనక వసారాలో ఒకే బంతిలో కూర్చుందాం, తింటూ ఎవరికి తోచిన మాట వాళ్లు చెప్పుకుందాం అని తీర్మానించింది. తీర్మానం ప్రవేశపెట్టిందీ తనే, బలపరిచిందీ తనే.

మొదటి రోజు మామగారికి జొన్నరొట్టె, పచ్చిపులుసు. బంతి కూర్చుంది. "ఇవాళ ఏం జరిగిందో తలా ఒక మాట చెప్పాలి" అంది ఊర్మిళ. కృష్ణమూర్తి చాలాసేపు ఆలోచించి, "ఏం కాలే" అన్నాడు. అది అతని ఉపన్యాసం. రెండో రోజు సత్తెమ్మకు తపాలచెక్క.

"ఏందే ఊర్మిళా, గీ చెక్క నన్ను చూసి నవ్వుతున్నది" అంది సత్తెమ్మ.

"చెక్క నవ్వడమేంటి పెద్దమ్మా?"

"నవ్వదా మరి? దానికి పండ్లున్నయి, నాకు లేవు."

వీరభద్రయ్య ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకు ముందు అతనే ఉలిక్కిపడ్డాడు. దొంగతనంగా భార్యవైపు చూశాడు. వడ్డిస్తున్న లక్ష్మీకాంతమ్మ పెదవి చివర ఏదో కదిలింది. కూర్చోలేదు, తినలేదు, కానీ కదిలింది. ఆ రాత్రి ఊర్మిళ, పరీక్ష పాసైనదానిలా నిద్రపోయింది.

మిగిలింది అత్తగారి వంతు.

"మీకేం ఇష్టం అత్తయ్యా?"

"నాకేముంటయే ఇష్టాలు. గోపాల్‌కు ఏది ఇష్టమో నాకూ అదే."

"అయితే అదే చెప్పండి."

లక్ష్మీకాంతమ్మ చెప్పడం మొదలుపెట్టింది. చింతచిగురు పప్పు. గుత్తి వంకాయ. బెల్లం బూరెలు. అన్నిటికంటే గారెలు, అవీ కరకరలాడాలి, మెత్తగా ఉంటే గోడకేసి కొట్టేవాడు. చెబుతూ చెబుతూ ఆమె గొంతులో ఎన్నాళ్లనుంచో లేని తడి వచ్చింది. ఇంకొకటి కూడా చెప్పింది: "వాడు బంతిల కూసునేటోడు కాదు. బాయికాడి గద్దె మీద, ఆకాశం కింద కూసోవాలె సారుకు. ఆ ఒక్కనాడే నాయిన పక్కకు వచ్చి కూసున్నడు. ఆ ఒక్కనాడే."

ఊర్మిళ అన్నీ మనసులో పెట్టుకుంది. పొద్దున్నే సైదులు తల్లి సాయమ్మ పెరట్లో ఇసుర్రాయి ముందు కూర్చుని మినుములు ఇసిరి ఇచ్చింది. రోజూ సాయంత్రం బొచ్చె పట్టుకుని చల్లకు వచ్చే మనిషి. ఆ ఇంట్లో ఎవరైనా దిగులుపడితే ధైర్యం చెప్పేది కూడా ఆమే.

"మా సైదులుకు గూడ గారెలంటే పానం, చిన్నమ్మా" అంది, రాయి తిప్పుతూ. "ఇద్దరు ఒక్కతీరే. చిన్నపటేలు ఎంబడి ఉన్నడు గద, నాకేం ఫికరు లేదు. ఆకలైతదని నోరు తెరిచి అడగనోడు మావోడు. చిన్నపటేలు అడిగి పెట్టిస్తడు."

పొద్దు గూట్లో పడకముందే తిని దీపం ఆర్పేయడం రజాకార్ల కాలంలో పట్టిన అలవాటు. రజాకార్లు పోయినా అలవాటు పోలేదు. కనుక ఇంకా వెలుగుండగానే వసారాలో పీటలు పడ్డాయి, మోదుగాకు విస్తర్లు పడ్డాయి, వడ్డనా అయింది. లక్ష్మీకాంతమ్మ కోసం కూడా ఒకటి. ఇవాళ కూర్చుంటానని ఆమె మాట ఇచ్చింది. స్తంభానికి కాదు, కోడలికే.

"ముందు గోపాల్‌కు పెడదాం అత్తయ్యా" అంది ఊర్మిళ. "అందరం ఒక్కసారి తలుచుకుని, తర్వాత మనం తిందాం."

ఇంకో విస్తరిలో అన్నీ తలాకొంచెం వడ్డించింది. పప్పు, వంకాయ, బూరెలు, గారెలు, చివర్న పెరుగన్నం. తీసుకెళ్లి బావి దగ్గరి గద్దె మీద పెట్టింది. పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది. వెనక్కి వచ్చి అందరితో పాటు వసారా అంచున నిలబడింది.

ఒక్కొక్కటిగా చూస్తే ఇందులో ఏ తప్పూ లేదు. ఇష్టమైనవి వండడం తప్పా? అతను కూర్చునే చోట పెట్టడం తప్పా? అతనికంటే ముందు తినకపోవడం తప్పా? కోదాడలో ఊర్మిళ పుట్టింటివాళ్లు ఆడపిల్లల్ని దినాల ఛాయలకు రానిచ్చేవాళ్లు కాదు. హాస్టల్లో ఆ పాఠం లేదు. కనుక పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఒక్కపూటే వండి, ఆకులో పెట్టి, ఆరుబయట ఉంచి, ఇంటిల్లిపాదీ ఆకలితో దూరంగా నిలబడి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఎదురుచూడడం అనేది ఒకటి ఉంటుందని ఆమెకు తెలియదు.

తెలిసినవాళ్లకు ఒక్కసారే తెలిసింది.

కృష్ణమూర్తి ఊర్మిళ మోచెయ్యి పట్టుకున్నాడు. "తీసెయ్" అన్నాడు గొణుగుతూ. "ఆ ఆకు తీసెయ్."

"ఎందుకు?"

అతను చెప్పేలోగా, గూటికి పోయే కాకుల్లో ఒకటి బావి గిలక మీద వాలింది. అటూ ఇటూ చూసింది. గద్దె మీదికి దూకింది. ఒక గారెను ముక్కున కరుచుకుని లేచిపోయింది.

సత్తెమ్మకు కళ్లలో పొర. దూరంగా ఏం జరిగినా ఆమెకు మసగ్గానే కనిపిస్తుంది, రెక్కల చప్పుడు మాత్రం బాగా వినిపిస్తుంది. చేయి అడ్డం పెట్టుకుని చూసి, పాత అలవాటు చొప్పున, నెమ్మదిగా అనేసింది:

"ముట్టిందే. పిట్ట ముట్టింది."

అన్నాక ఏం అన్నదో తనకే తెలిసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

తను చేసిందేమిటో అప్పుడు అర్థమై ఊర్మిళ అత్తగారి వైపు తిరిగింది, కాళ్ల మీద పడదామనో, ఆమె పడిపోతే పట్టుకుందామనో. లక్ష్మీకాంతమ్మ పడలేదు. ఆమె కాకిని చూడలేదు, ఆకును చూడలేదు. భర్త చేతుల్ని చూస్తోంది.

వీరభద్రయ్య రెండు చేతులూ జోడించి ఉన్నాడు.

ఎప్పుడు జోడించాడో అతనికే తెలియదు. కాకి లేచిపోయిన దిక్కుకే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. పిట్ట ముట్టినప్పుడు పెద్దవాళ్లు దండం పెట్టినట్టే పెట్టాడు, ఒక బరువు దించుకున్నట్టు.

"ఎందుకు పెట్టినవ్ దండం?"

ఆ మాట స్తంభానికి చెప్పింది కాదు. వీరభద్రయ్య ముఖంలోకి చూస్తూ అడిగింది. అతను చేతులు విడదీసి, ఎక్కడ దాచుకోవాలో తెలియక, ధోవతికి తుడుచుకున్నాడు.

"పిల్లకు తెల్వక పెట్టింది" అంది లక్ష్మీకాంతమ్మ. "వదినకు కండ్లు కనబడక అన్నది. నీకేమైంది? నువ్వెందుకు పెట్టినవ్?"

"ఊకెనే."

"ఊకెనే దండం పెట్టే మనిషివి కాదు నువ్వు. దేవుణ్నే నిలబెట్టి మాట్లాడుతవ్."

అతను వసారా మెట్టు మీద కూలబడ్డాడు. ఊళ్లో పదిమందిని ఎండలో నిలబెట్టి మాట్లాడిన మనిషి, ఇప్పుడు తన పెరట్లో తలెత్తలేకపోతున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు చావు కబురు తెచ్చినవాడు దాన్ని గడపలోనే పడేయడు. ముందు "అన్నం తిన్నరా?" అని అడుగుతాడు. తినలేదంటే, తినేదాకా వానల గురించీ గొడ్ల గురించీ మాట్లాడుతూ కూర్చుంటాడు. కబురు చెప్పాక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కదా, ఆ ఒక్క పూటైనా కడుపులో ఉండాలని. చావుకు మనుషులు చేయగలిగిన మర్యాద అంతకన్నా లేదు.

లక్ష్మీకాంతమ్మ ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ అంది: "దసరా ముందర మిర్యాలగూడ పోయినవ్. గెట్టు తగాదా అన్నవ్. రెండు దినాలు ఆగి వచ్చినవ్. వచ్చినోడివి వచ్చినట్టే గడపల నిలబడి, అన్నం తిన్నవా అని అడిగినవ్. ఇన్నేండ్ల కాపురంల ఎన్నడన్న అడిగినవా నన్ను? నేను మురిసిన. ఆకలి లేదన్న. నువ్వు మల్ల మాట్లాడలే."

"తినలే నువ్వు" అన్నాడు వీరభద్రయ్య. "ఆనాడు తినలే. మర్నాడు రాత్రి తినలే. దినాం చూసిన. నువ్వు రాత్రి నాలుగు మెతుకులు తింటే చెప్పుదామనుకున్న. కోడలు బంతి బంతి అంటే, సరే, ఇగ తింటది, ఇగ చెప్పక తప్పదు అనుకున్న. తినాల్నని ఉండె. తినొద్దని ఉండె."

సత్తెమ్మ ఏడవడం మొదలుపెట్టింది. ఆమెను ఎవరూ ఓదార్చలేదు.

"వాడపల్లి కాడ" అన్నాడు అతను, ఎవరూ అడగకుండానే. "మూసీ పోయి కృష్ణల కలుస్తది చూడు, ఆడ. పుట్టి నడిపేటోడు చెప్పిండు. వానలల్ల నీళ్లల్ల కొట్టుకొచ్చిన పిలగాణ్ని తీసి ఒడ్డు మీదనే కాలబెట్టిండ్రట. తలకాయకు సుట్టుకున్న తువ్వాల ఒక్కటి దాచిపెట్టిండు, ఎవరన్న వస్తే గుర్తుపడతరని. నేను గుర్తుపట్టిన. మనదే. ఎర్రంచు, నల్లగళ్లు. నువ్వు తిరుమలగిరి సాలె ఆయనతోని నేయించినదే. నేను ఆడనే తానం చేసి నువ్వులు నీళ్లు ఇడిసిన. తువ్వాల కూడ కృష్ణలనే ఇడిసిన. ఇంటికి ఎట్ల తెద్దు?"

"పీనుగను చూసినవా?"

"యాడిది? బూడిద గూడ లేకుండె."

"తువ్వాల చూసి కొడుకును కాలబెట్టుకున్నవా?"

"అసొంటి తువ్వాల ఈ జిల్లాల ఇంకెవనికుంటది?"

లక్ష్మీకాంతమ్మ లోపలికి వెళ్లింది. సందుగ మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఎర్రంచు, నల్లగళ్ల తువ్వాల ఉంది. మడతల మధ్య ఎండిన పసుపు మరక.

"ఆ రాత్రి కంచంల చెయ్యి కడుక్కుని, దీనికే తుడుసుకుని, కొయ్యకు పడేసి పోయిండు వాడు" అంది. "ఉతకలే నేను. ఉతికితే వాడి చెయ్యి పోతదని. గోపాల్ తువ్వాల ఇగో, నా కాడ ఉంది. నువ్వు ఎవరికి ఇడిసినవయ్యా, నువ్వులు నీళ్లు?"

వీరభద్రయ్య దాన్ని ముట్టుకున్నాడు. అంచు తడిమాడు.

"రెండు నేయించిన" అంది ఆమె. "పెద్దోడికొకటి, చిన్నోడికొకటి."

అందరి చూపూ కృష్ణమూర్తి మీదికి తిరిగింది. రోజూ ఏం జరిగిందంటే "ఏం కాలే" అనే మనిషి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊర్మిళకు అతని ముఖం చూస్తే భయమేసింది.

"నాది సైదులుకిచ్చిన" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ రాత్రే. తమ్ముడు పోతున్నడు, వాని ఎంబడి పో, ఇడువకు అని నేనే సైదులును పంపిన. ఎండలు కొడుతున్నయి, తలకు ఏం లేకుండె వానికి. నా భుజం మీదిది తీసి ఇచ్చిన. వద్దు పటేలా, మాసిపోతది అన్నడు. నేనే సుట్టిన తలకు."

ఆ మాట వినగానే ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఒక పని చేశారు. ఆ తర్వాత ఏ ఒక్కరూ ఒప్పుకోలేదు గానీ, చేశారు. ఊపిరి పీల్చుకున్నారు. వీరభద్రయ్య కళ్లలోకి నీళ్లతో పాటు వెలుగు వచ్చింది. సత్తెమ్మ కొంగు నోట్లోంచి తీసి, "అయితే మన గోపాల్..." అనబోయింది. ఊర్మిళ గుండె కూడా తేలిక పడింది. పడిన మరుక్షణం పొద్దున ఇసుర్రాయి తిప్పిన చేతులు గుర్తొచ్చి, ఆ తేలికదనం గొంతులో ఎముకలా అడ్డం పడింది.

లక్ష్మీకాంతమ్మ ఒక్కతే సంతోషించలేదు. పది నెలలుగా రాత్రి అన్నం మానేసిన మనిషికి, ఇంకో తల్లి ఆకలి ఎట్లా ఉంటుందో లెక్క చెప్పక్కర్లేదు.

అప్పుడు పెరటి తలుపు కిర్రుమంది.

"ఏంది పటేలమ్మా, గారెల వాసన బజారు దాంక వస్తుంది!" అంటూ సాయమ్మ లోపలికి వచ్చింది, చేతిలో చల్ల బొచ్చె. "నేను ఇసిరిన మినుములే గద, నాకొకటి పెట్టకపోతరా అని జర తొందర్నే వచ్చిన. మా సైదులు వచ్చినంక అడుగుతడు, నన్నిడిచిపెట్టి తిన్నవానే అని. అడగనీ."

తనే నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి గద్దె మీది విస్తరి చూసింది. వరసగా వేసిన విస్తర్లు చూసింది, అన్నీ వడ్డించి ఉన్నాయి, ఒక్కటీ ముట్టలేదు. మెట్టు మీద కూలబడ్డ పటేలును చూసింది.

"ఏమైంది? చిన్నపటేలు ముచ్చట ఏమన్న తెలిసిందా?"

"సాయమ్మా, ఇటు రా" అంది లక్ష్మీకాంతమ్మ. తన కోసం వేసిన విస్తరి ముందు పీట జరిపింది. "ఇగో, ఈడ కూసో."

"బంతిలనా?" సాయమ్మ చుట్టూ చూసింది. "నేనేంది, బంతిల కూసునుడేంది పటేలమ్మా. ఊరోళ్లు చూస్తే నవ్వరా? బొచ్చెల పెట్టు, పోత."

"కూసో."

"ఇయ్యాల ఏం పండుగ?"

లక్ష్మీకాంతమ్మకు చెప్పాల్సిన మాట తెలుసు. అది నోటి దాకా వచ్చింది. కానీ ఆమె పుట్టి పెరిగిన ఊళ్లు, ఆమె చూసిన చావులు, ఆమెకు నేర్పిన మర్యాద, అన్నీ కలిసి ఆ మాట ముందు ఇంకో మాటను నిలబెట్టాయి. తువ్వాల గుండెలకు అదుముకుని అడిగింది:

"అన్నం తిన్నవా, సాయమ్మా?"

ఆ ఇంటి పటేలమ్మ ఇన్నేళ్లలో ఆమెను ఆ మాట అడగలేదు. చల్ల పోసింది, పాత చీరలిచ్చింది, కాన్పుకు మిరియాల కషాయం పంపింది. తిన్నవా అని మాత్రం అడగలేదు.

సాయమ్మ నవ్వు పెదవుల మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. కళ్లు మెల్లగా తువ్వాల మీదికి దిగాయి. ఎర్రంచు. నల్లగళ్లు. ఆ రాత్రి కొడుకు గుడిసె ముందర ఒక్క క్షణం ఆగి, "సూడవ్వా, పెద్దపటేలు తనది నాకిచ్చిండు" అని చూపించి పోయినది అచ్చం ఇలాంటిదే.

ఆమె వంగి, బొచ్చెను నేల మీద బోర్లించింది.

"తినలే పటేలమ్మా" అంది. "తినను గూడ. నేను తినకపోతే నువ్వు సెప్పలేవు గద."

లక్ష్మీకాంతమ్మ చెయ్యి చాచింది. సాయమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది. గొంతు పెరగలేదు. రోజూ చల్ల అడిగే గొంతే.

"నన్నేం అడగకు. నేనే ఒక్కటి అడుగుత, దానికి సెప్పు. నా కొడుకు చిన్నపటేలును ఇడువలే. ఇడువకుమని మీరే పంపిండ్రు, వాడు ఇడువడు. మరి నా కొడుకు తలమీది తువ్వాల ఊడినప్పుడు, చిన్నపటేలు ఏడున్నడు?"